పాత చీర ముక్కతో చిలుకల తోరణం



సంక్రాంతికి మిస్సిసాగాలో గుమ్మం బయట మామిడాకులు కడితే, మర్నాటికల్లా చలికి నల్లబడి ముడుచుకుపోతాయి. అందుకే చాలా ఇళ్ళలో ప్లాస్టిక్ తోరణమే ఏడాది పొడుగునా వేలాడుతూ ఉంటుంది. పండుగనాడు ఆకులు దొరికితే ఆకులే కట్టుకుందాం. మిగతా రోజులకు, పాత చీర ముక్కలతో చిలుకలు కుట్టి, లోపల దూది కూరి, తోరణంగా కట్టుకోవచ్చు. గుజరాత్, రాజస్థాన్ ఇళ్ళలో గుడ్డ చిలుకల దండలు ఎప్పటినుంచో ఉన్నవే. మనం అదే పని ఎంబ్రాయిడరీ మెషీన్ మీద చేస్తున్నాం. ఒక్క చిలుకను ఎలా చేయాలో ఇక్కడ చెబుతాం. ఒకటి కుదిరితే తొమ్మిదీ కుదురుతాయి.

మెషీన్‌కి ఏం తెలుసు?

మెషీన్‌కి చిలుక అంటే తెలియదు. సూది ఎటువైపు, ఎంత దూరం కదలాలో చెప్పే జాబితా మాత్రమే తెలుసు. డీఎస్‌టీ రకం ఫైల్‌లో ఈ దూరాన్ని మిల్లీమీటరులో పదో వంతు లెక్కన రాస్తారు. దారం రంగు మార్చాల్సిన చోట మెషీన్ ఆగుతుంది. మనకు కావలసింది ఆ ఆగడమే. అది ఆగినప్పుడే మనం గుడ్డ పరుస్తాం, రిబ్బన్ పెడతాం. కాబట్టి డిజైన్ తయారుచేసేటప్పుడు, దారం మార్చే పని లేకపోయినా, ప్రతి దశకూ వేరే రంగు ఇవ్వండి. రెండు దశలకు ఒకే రంగు ఇస్తే మెషీన్ ఆగకుండా కుట్టుకుంటూ పోతుంది.

కావలసినవి

100 మిల్లీమీటర్ల చదరపు హూప్, అంటే గుడ్డను బిగించే చట్రం. చింపితే ఊడివచ్చే స్టెబిలైజర్ కాగితం. 75/11 సూది, 40 నంబరు పాలియెస్టర్ దారం. ముందుకూ వెనక్కూ రెండు గుడ్డ ముక్కలు, బొమ్మ చుట్టూ అంగుళం చొప్పున ఎక్కువ ఉండేలా. వేలాడదీయడానికి రిబ్బన్. అంటించే టేపు. లోపల కూరడానికి పాలియెస్టర్ దూది. చిలుక ఎత్తు 80 మిల్లీమీటర్లకు మించకుండా చూసుకోండి.

చేసే క్రమం

1. స్టెబిలైజర్‌ను హూప్‌లో బిగించండి. వేలితో కొడితే డప్పులా మోగాలి. గుడ్డను ఇప్పుడు పెట్టవద్దు.

2. మొదటి దశలో మెషీన్ కాగితం మీద చిలుక ఆకారాన్ని గీతలా కుడుతుంది. గుడ్డ ఎక్కడ పరచాలో చెప్పే గుర్తు అది.

3. ఆ గీత పూర్తిగా కప్పబడేలా ముందు గుడ్డను, మంచి వైపు పైకి ఉండేలా పరచండి. రెండో దశలో అది కాగితానికి అతుక్కుంటుంది.

4. కన్ను, రెక్క, ఎర్రని ముక్కు, మెడ చుట్టూ గీత కుట్టించండి. చీర అంచులోని జరీ మీద దట్టమైన కుట్టు పడనీయకండి, దారం తెగుతుంది.

5. రిబ్బన్‌ను మడిచి తల దగ్గర టేపుతో అంటించండి. మడత చిలుక కడుపు వైపు, కొసలు గీత బయటికి ఉండాలి. తిరగేసిన తర్వాత మడత దానంతటదే పైకి వస్తుంది.

6. వెనక గుడ్డను మంచి వైపు కిందికి ఉండేలా పైన పరిచి, నాలుగు మూలలా టేపు వేయండి.

7. చివరి దశలో రెండు గుడ్డలనూ కలిపే కుట్టు పడుతుంది. ఇది చుట్టూ పూర్తిగా తిరగకూడదు. కడుపు కింద 4 సెంటీమీటర్ల ఖాళీ వదలాలి.

8. హూప్ నుంచి తీసి, కాగితం చింపేయండి. కుట్టుకు 6 మిల్లీమీటర్ల దూరంలో గుడ్డ కత్తిరించండి. ఖాళీ దగ్గర మాత్రం రెట్టింపు వదలండి. వంపుల దగ్గర కుట్టు తెగకుండా చిన్న గాట్లు పెట్టి, ఖాళీలోంచి తిరగేయండి. ముక్కు కొనను మొండి పుల్లతో నెమ్మదిగా బయటికి తోయండి.

9. దూదిని చిటికెడు చిటికెడుగా కూరండి. ముందు ముక్కు, తోక, ఆఖరున కడుపు. ఈ పని పిల్లలకు ఇవ్వండి. వాళ్ళ వేళ్ళు సరిగ్గా పడతాయి. తర్వాత ఖాళీని చేతికుట్టుతో మూసేయండి.

మేము చేసిన తప్పు

మొదటిసారి మేము సొంతంగా డిజైన్ గీశాం. ఏడో దశలో ఖాళీ వదలడం మరిచి, ఆకారాన్ని చుట్టూ మూసేశాం. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళం, పని మొదలుపెట్టే ముందు ఒక్కసారి పరీక్షించి చూడాలని రోజూ ఇతరులకు చెప్పేవాళ్ళం. ఆ రోజు పాత దుప్పటి ముక్క మీద కుట్టి చూడకుండా నేరుగా ఒక ఆంటీ తెచ్చిన పట్టు ముక్క పెట్టేశాం. అది చనిపోయిన వాళ్ళ అమ్మగారి చీర. నాలుగు చిలుకలకు సరిపోయేంతే ఉంది.

చిలుక అన్ని వైపులా మూసుకుని వచ్చింది. ఖాళీ కోసం కుట్టు విప్పబోయాం. అది ఒక్కో చోట మూడుసార్లు పడే గట్టి కుట్టు. దారం రాలేదు, పట్టు చిరిగింది. ఏం చెప్పాలో తెలియక ఆ ముక్కను ఆంటీ చేతిలో పెట్టాం. ఆవిడ దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి చూసి, "ఇది మీరు చింపింది కాదమ్మా, మడత దగ్గర ఎప్పుడో పోయింది. ఏళ్ళ తరబడి పెట్టెలో ఒకే మడతలో ఉంచాను" అన్నారు. మడత మీద పట్టు అరిగి, నూలు పోగులు వీడి ఉన్నాయి. తప్పు మాదే అయినా, మాకు తెలియని పాఠం ఆవిడ దగ్గర దొరికింది. ఆ చిలుకకు వీపు మీద గాటు పెట్టి తిరగేసి, దూది కూరి, గాటు మీద చిన్న ఆకు ఆకారంలో గుడ్డ వేసి కుట్టాం. తోరణంలో అది రెండోది. ఆకు వైపు గోడకు ఉంటుంది.

అందుకే ఈ మూడూ గుర్తుంచుకోండి. పాత పట్టును వెలుతురుకు పెట్టి చూసి, మడత గీతలు తప్పించి కత్తిరించండి. దాని వెనక ఇస్త్రీతో అంటుకునే పలుచని అస్తరు వేయండి. కొత్త డిజైన్ ఏదైనా ముందు పనికిరాని గుడ్డ మీద చివరి దశ వరకూ కుట్టి, తిరగేసి చూడండి.

కట్టేటప్పుడు, అమ్మేటప్పుడు

పాలియెస్టర్ దూది వేడికి కరుగుతుంది, నిప్పు తగిలితే అంటుకుంటుంది. కాబట్టి ఈ తోరణం ద్వారబంధానికే కట్టండి. దీపారాధన చేసే చోట, కొవ్వొత్తుల పైన కట్టకండి. పూసలు, అద్దాలు కుడితే మూడేళ్ళలోపు పిల్లలకు అందకుండా చూడండి. ఇది అలంకరణే గాని ఆటబొమ్మ కాదు.

గుడి నిధి కోసం ఇలాంటివి అమ్మవచ్చా అని కొందరు అడిగారు. ఒంటారియోలో దూది కూరిన వస్తువులు తయారుచేసేవారు రిజిస్టరు చేసుకుని లేబుల్ కుట్టాలన్న నిబంధన ఒకప్పుడు ఉండేది. దాన్ని 2019 జులై 1 నుంచి రద్దు చేశారు. ఆటబొమ్మలుగా అమ్మితే మాత్రం కెనడా ప్రభుత్వ భద్రతా నిబంధనలు వర్తిస్తాయి. అందుకే మన చీటీ మీద 'తోరణం' అనే రాద్దాం.

మీ ఇంట్లో కట్టుకోని చీర ఉంటే, ఈ వారం ఒకసారి పెట్టెలోంచి తీసి మడత మార్చండి. కత్తిరించడానికి మనసు ఒప్పకపోతే కత్తిరించవద్దు. మడత మార్చినా చాలు, చీర ఇంకొన్నేళ్ళు నిలుస్తుంది. ఒప్పుకుంటే, ఒక్క చిలుకకు చిన్న ముక్క సరిపోతుంది.