పులికాట్ పల్లెల్లో ఎన్జీఓ ఉద్యోగం: పని ఏమిటి, చదువు ఏమిటి

తడ దాటాక భీమునివారిపాళెం దాకా రోడ్డు ఉంది. అక్కడి నుంచి ఇరకం దీవికి పడవ ఎక్కాల్సిందే. అదే రేవు నుంచి పడమటికి తిరిగి హైవే దాటితే శ్రీసిటీ. వాహనాలు, చాక్లెట్లు, టూత్‌పేస్టు తయారుచేసే పెద్ద పెద్ద కంపెనీలు అక్కడున్నాయి. సూళ్లూరుపేట నుంచి సరస్సు మధ్యగా పోయే రోడ్డు చివర శ్రీహరికోట రాకెట్ కేంద్రం. ఇంత డబ్బు, ఇంత సాంకేతికత కూతవేటు దూరంలో ఉన్నా, పులికాట్ ఒడ్డు పల్లెల్లో చదువు మధ్యలో వదిలేసి వలల వెంట పోయే పిల్లలు ఇంకా ఉన్నారు. ఆ డబ్బును ఆ పల్లె బడి దాకా సవ్యంగా చేర్చడం ఒక ఉద్యోగం. దానికి డిగ్రీలున్నాయి, జీతముంది, పై మెట్లున్నాయి. తిరుపతి, చిత్తూరు జిల్లాల కాలేజీల్లో పిల్లలకు దాని గురించి చెప్పేవాళ్లే తక్కువ.

ముందు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోండి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, ఏడాదికి 5 కోట్ల లాభమో, 1,000 కోట్ల టర్నోవరో, 500 కోట్ల నికర విలువో ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి. దీన్నే సీఎస్ఆర్ అంటున్నాం. 2014 ఏప్రిల్ నుంచి ఇది అమల్లో ఉంది. ఆ నిధులతో పని చేపట్టే స్వచ్ఛంద సంస్థ 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 ఫారంతో నమోదై ఉండాలి. విదేశీ విరాళాల దారి ఇంకా ఇరుకైంది. ఎఫ్‌సీఆర్ఏ చట్టానికి 2020లో చేసిన సవరణతో, విదేశీ నిధి అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు ఇవ్వకూడదు. పరిపాలన ఖర్చు 20 శాతం మించకూడదు. అంతకుముందు నగరంలోని పెద్ద సంస్థ నిధి తెచ్చి పల్లెలోని చిన్న సంస్థలకు పంచేది. ఆ పద్ధతి ఆగిపోయింది. ఇప్పుడు చిన్న సంస్థ తానే కంపెనీ మెట్లెక్కాలి, తానే ప్రతిపాదన రాయాలి, తానే లెక్క చెప్పాలి. అందుకే ఈ పని తెలిసిన మనిషి అవసరం పెరిగింది.

పల్లెలో పని ఇంకో రకం. యానాది గిరిజన కుటుంబాలు చాలాచోట్ల రొయ్యల గుంటల కాపలాకో, ఇటుక బట్టీలకో పిల్లలతో సహా వలస పోతాయి. తిరిగొచ్చేసరికి పిల్లాడి పేరు హాజరుపట్టీలో ఉండదు. పుట్టిన తేదీ కాగితం లేదని తల్లి బడి గడప ఎక్కడానికే జంకుతుంది. వయసు రుజువు లేదన్న కారణంతో ప్రవేశం నిరాకరించకూడదని విద్యాహక్కు చట్టం స్పష్టంగా చెబుతోంది. ఆ సెక్షన్ తెలిసిన ఫీల్డ్ కోఆర్డినేటర్ ఒక్క పూటలో తేల్చేసే సమస్య అది. తెలియనివాడు నెలల తరబడి సర్టిఫికెట్ల కోసం తిరుగుతాడు. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ సభ్యుల్లో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలన్నదీ ఆ చట్టంలోని మాటే. ఆ కమిటీని పక్కనపెట్టి కంపెనీ బోర్డుతో కట్టిన గది, ప్రాజెక్టు ముగిశాక తాళంతో మిగులుతుంది. ఇక భాష సంగతి. తమిళనాడు సరిహద్దు కాబట్టి కొన్ని ఇళ్లలో తమిళం, బడిలో తెలుగు. రెండూ మాట్లాడగలిగిన తడ, సత్యవేడు కుర్రాళ్లకు ఇక్కడ ఏ ఎంబీఏకూ లేని ఆధిక్యం ఉంది.

ఈ పల్లెల్లో నమ్మకం ఊరికే రాదు. 1969లో రాకెట్ కేంద్రానికి శ్రీహరికోటను ఎంచుకున్నాక, ఆ దీవి అడవిలో బతికిన యానాదుల్లో చాలామంది బయటికి రావాల్సి వచ్చింది. ఫైలు పట్టుకుని వచ్చే కొత్త మనిషిని చూసి వాళ్లు వెనక్కి తగ్గితే తప్పు పట్టడానికి లేదు.

మన సీమలో ఈ రంగానికి చరిత్ర ఉంది. గుత్తా మునిరత్నం 1981లో తిరుపతి కేంద్రంగా ప్రారంభించిన రాష్ట్రీయ సేవా సమితి, అంటే రాస్, పల్లె పిల్లలు, మహిళల కోసం పనిచేస్తూ వచ్చింది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో మొదలుపెట్టిన ఆర్డీటీకి స్పెయిన్ దాతలు అండగా నిలిచారు. మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం, ఒకే పంతులు అన్ని తరగతులూ చెప్పే పల్లె బడి కోసం కార్డుల పద్ధతి తయారుచేసింది. పొరుగు తమిళనాడు దాన్ని ఆధారంగా చేసుకుని తన ప్రాథమిక బడుల్లో మార్పులు చేసుకుంది. ముంబైలో పుట్టిన ప్రథమ్ సంస్థ పద్ధతి ఇంకా దూరం పోయింది. పిల్లల్ని తరగతిని బట్టి కాక చదవగలిగిన స్థాయిని బట్టి కూర్చోబెట్టే ఆ విధానాన్ని ఆఫ్రికాలోని జాంబియా ప్రభుత్వం ‘క్యాచ్ అప్’ పేరుతో తన బడుల్లోకి తీసుకుంది. పల్లె బడి సమస్యకు ఇక్కడ దొరికిన జవాబు అక్కడి పల్లెకూ పనికొచ్చిందన్నమాట.

చదువు విషయానికొస్తే, తిరుపతిలోనే పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం(ఎస్వీయూ)లో సోషల్ వర్క్ (ఎంఎస్‌డబ్ల్యూ) విభాగాలున్నాయి. ప్రవేశం ఏపీ పీజీసెట్ ద్వారా. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్(టిస్)కు హైదరాబాద్‌లోనూ ప్రాంగణం ఉంది, దానికి సీయూఈటీ-పీజీ రాయాలి. బెంగళూరు అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం సొంత పరీక్ష పెట్టుకుని డెవలప్‌మెంట్, ఎడ్యుకేషన్ ఎంఏలు నడుపుతోంది. పీజీకి ముందు రంగం రుచి చూడాలనుకుంటే ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా 13 నెలల ఫెలోషిప్, టీచ్ ఫర్ ఇండియా రెండేళ్ల ఫెలోషిప్ ఉన్నాయి. నా మాట అడిగితే, ఏ కోర్సులో చేరినా మూడు పనులు విడిగా నేర్చుకోండి: ఎక్సెల్‌లో బడ్జెట్ వేయడం, రెండు పేజీల్లో తప్పుల్లేని ఇంగ్లిష్ ప్రతిపాదన రాయడం, ఖర్చయిన డబ్బుకు యుటిలైజేషన్ సర్టిఫికెట్ సిద్ధం చేయడం. ఎంఎస్‌డబ్ల్యూ పట్టా ఉండి ఇవి రానివాళ్లు ఇంటర్వ్యూల్లో తడబడుతున్నారు. బీకాం చదివినవాళ్లు ఈ రంగాన్ని అసలు తమది అనుకోకపోవడం ఇంకా విచిత్రం.

చేదు నిజాలూ వినండి. మొదటి ఉద్యోగం ఎక్కువగా కాంట్రాక్టే. కంపెనీ ప్రాధాన్యం మారితే ప్రాజెక్టు ఆగుతుంది, దానితో పాటు మీ జీతమూ ఆగొచ్చు. ఏ సంస్థలోనైనా చేరేముందు అది నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో నమోదైందా, ఆడిట్ నివేదిక చూపిస్తుందా అడగండి. అడిగితే చిరాకుపడే చోట చేరకండి. ఇంట్లోవాళ్లు గ్రూప్స్ రాయమంటే గొడవ పడక్కర్లేదు. పల్లెలో రెండేళ్లు తిరిగిన అనుభవం ఆ పరీక్షకూ పనికొస్తుంది.

సీయూఈటీ-పీజీ దరఖాస్తులు ఇటీవలి ఏళ్లలో డిసెంబరు, జనవరి నెలల్లో వస్తున్నాయి, పరీక్ష మార్చిలో ఉంటోంది. డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవారు దసరా సెలవుల్లోనే మొదలుపెట్టండి. ఆ సెలవుల్లో కొన్ని రోజులు దగ్గర్లోని ఏదైనా సంస్థతో పల్లెలు తిరగండి. ఈ పని మీకు సరిపడుతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది.