ఖాళీ కడుపుకు ధమ్మం వినపడదు
(కాలేజీ విద్యార్థులకు ఒక పాఠం: తిండి, వ్యాయామం, మనసు)



ఆదివారం వందన అయిపోయాక డిగ్రీ చదివే ఒక తమ్ముడు ఒక ప్రశ్న అడిగాడు. "శరీరం అనిత్యం అంటున్నారు గదా. మరి దాన్ని పోషించుకోవడం, వ్యాయామం అంటూ దాని వెంట పడటం తృష్ణ కాదా?"

మంచి ప్రశ్నే. అయితే ఆ తమ్ముడు ఆ రోజు పొద్దున ఏమీ తినలేదు. ముందు రోజు రాత్రి రెండింటి దాకా మేలుకున్నాడు. వందన జరుగుతున్నంతసేపూ కునికిపాట్లు పడుతూనే ఉన్నాడు. అతని ప్రశ్నకు జవాబు అతని కళ్ళలోనే ఉంది. ఒంట్లో ఓపిక లేనివాడు ధమ్మం వినలేడు, పాఠమూ చదవలేడు. ఈ పాఠంలో మనం నేర్చుకోవలసింది ఈ ఒక్క విషయమే: శరీరాన్ని చూసుకోవడం తృష్ణ కాదు, సాధనకు, చదువుకు అదే పునాది.

1. బుద్ధుడు ఆకలిని గొప్ప చేయలేదు

సిద్ధార్థుడు ఆరేళ్ళు కఠోర తపస్సు చేశాడు. తిండి మానేసి ఎముకల గూడు అయ్యాడు. చివరకు తెలుసుకున్నదేమిటి? శరీరాన్ని మాడిస్తే జ్ఞానం రాదని. అప్పుడు సుజాత ఇచ్చిన పాయసం తీసుకున్నాడు. వెంట ఉన్న ఐదుగురు "ఇతను దారి తప్పాడు" అని వదిలేసి పోయారు. బుద్ధుడయ్యాక సారనాథ్‌లో ఆ ఐదుగురికే మొదటి ఉపదేశం చేశాడు. సుఖాల్లో మునగడం ఒక అంతం, శరీరాన్ని హింసించుకోవడం ఇంకో అంతం, రెండూ వద్దన్నాడు. అదే మధ్యమ మార్గం.

అళవి పట్టణం కథ కూడా గుర్తుంచుకోండి. బుద్ధుడు ఉపదేశం ఇస్తాడని జనమంతా కూడారు. ఒక పేద రైతు మాత్రం తప్పిపోయిన ఎద్దును వెతుక్కుంటూ పోయి, ఆలస్యంగా, ఆకలితో వచ్చాడు. అందరూ ఎదురు చూస్తున్నా బుద్ధుడు నోరు విప్పలేదు. ముందు ఆ రైతుకు అన్నం పెట్టించాడు. అతని కడుపు నిండాకే ధమ్మం చెప్పాడు. ఆకలిని మించిన రోగం లేదని బుద్ధుని బోధ.

ఇక్కడ మనవాళ్ళు ఒక పొరపాటు చేస్తుంటారు. బాబాసాహెబ్ లండన్‌లో అర్ధాకలితో చదివారని విని, తామూ తిండి మానేసి చదవడమే గొప్ప అనుకుంటారు. బాబాసాహెబ్ ఆకలిని కోరుకోలేదు, అది ఆయన మీద పడ్డ కష్టం. తరువాత మధుమేహం ఆయన్ని ఏళ్ళ తరబడి పీడించింది. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో దీక్ష ఇచ్చి, రెండు నెలలు తిరగకుండానే డిసెంబర్ 6న, 65 ఏళ్ళకే మనల్ని విడిచిపోయారు. ఆయన చదువును అనుసరించండి. ఆయన ఆకలిని కాదు.

2. పళ్ళెంలో ఏముండాలి?

హాస్టల్ మెస్‌లో పెట్టేది మన చేతిలో ఉండదు, నిజమే. కానీ ఉన్నదాంట్లో ఏది ఎంత తినాలో తెలుసుకుంటే సగం పని అయినట్టే.

చాలామంది చేసేది ఇదీ: పొద్దున టీ బిస్కెట్, మధ్యాహ్నం పళ్ళెం నిండా అన్నం, నీళ్ళలాంటి చారు, సాయంత్రం మిర్చి బజ్జీ. కడుపు నిండుతుంది గానీ ఒంటికి పట్టేది తక్కువ. లోపం ఎక్కువగా మాంసకృత్తుల్లో, అంటే ప్రొటీన్‌లో, ఆకుకూరల్లో, పండ్లలో కనిపిస్తుంది.

మన హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్ళకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 55 కిలోలున్న విద్యార్థికి సుమారు 46 గ్రాములన్నమాట. ఇదేమీ ఖరీదైన సంగతి కాదు. పావుకిలో బియ్యపు అన్నంలో 18 నుంచి 20 గ్రాములు, రెండు పూటలా కలిపి 60 గ్రాముల పప్పులో 13 లేక 14, ఒక గుడ్డులో 6, గుప్పెడు పల్లీల్లో 7 గ్రాములు వస్తాయి. లెక్క సరిపోయింది చూడండి! గుడ్డు తినకపోతే నానబెట్టిన శనగలు, మొలకెత్తిన పెసలు, పెరుగు ఉన్నాయి. వేలు పోసి ప్రొటీన్ పొడి డబ్బాలు కొనక్కర్లేదు. కండల కోసం ఆ పొడులు వాడవద్దనే ఆ సంస్థ తన 2024 ఆహార సూచనల్లో చెప్పింది.

రాగి జావ, జొన్న రొట్టె, ఉలవలు, మునగాకు, ఎండు చేపలు మన అమ్మమ్మల ఇళ్ళలోవి. "పల్లెటూరి తిండి" అని ఎవరో నవ్వుతారని వీటిని దాచుకోకండి. రాగిలో కాల్షియం బియ్యం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మన తిండిని తక్కువ చేసి చూడటం కూడా కులం నేర్పిన అలవాటే. దాన్ని మనం మోయక్కర్లేదు.

"బౌద్ధులమయ్యాం, ఇక మాంసం మానెయ్యాలా?" అని కొందరు అడుగుతారు. భిక్షువులందరూ మాంసం మానాలని నియమం పెట్టమని దేవదత్తుడు అడిగితే బుద్ధుడు ఒప్పుకోలేదు. బాబాసాహెబ్ కూడా 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో చంపాలనే కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు అని వివరించారు. మానేయడం మీ ఇష్టం. మానేస్తే మాత్రం ఆ లోటును పప్పులతో, శనగలతో పూడ్చుకోండి. భయంతోనో సిగ్గుతోనో మానేసి నీరసపడకండి.

చెల్లెళ్ళకు ఒక మాట. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. మెట్లెక్కితే ఆయాసం, చదువుతుంటే తల తిరగడం, ఎప్పుడూ అలసట ఉంటే "నా ఒళ్ళే ఇంత" అని ఊరుకోకండి. దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. అది 12 కంటే తక్కువ ఉంటే డాక్టర్ చెప్పినట్టు ఐరన్ మాత్రలు వాడండి. తోటకూర, పప్పు తినేటప్పుడు నిమ్మకాయ పిండుకోండి, ఇనుము బాగా ఒంటబడుతుంది. అన్నం తినగానే టీ తాగితే ఒంటబట్టదు. గంట సేపైనా ఆగండి.

మితం సంగతికొస్తే కోసల రాజు పసేనది కథ ఉంది. అతను కుంచాల కొద్దీ అన్నం తిని, ఆయాసపడుతూ బుద్ధుని దగ్గరకు వచ్చేవాడు. ఎరుకతో, మితంగా తినేవారికి బాధలు తగ్గుతాయని బుద్ధుడు ఒక గాథ చెప్పాడు. భోజనానికి కూర్చున్న ప్రతిసారీ ఆ గాథను వినిపించే పనిని రాజు ఒక యువకుడికి అప్పగించాడు. కొన్నాళ్ళకు తిండి తగ్గింది, ఒళ్ళు తేలికైంది. మన కాలంలో ఆ యువకుడి పని ఏమిటో తెలుసా? తినేటప్పుడు ఫోన్ పక్కన పెట్టడం. అంతే.

3. నడక ధమ్మంలో భాగమే

బుద్ధుడు 45 ఏళ్ళు కాలినడకన తిరిగి ధమ్మం చెప్పాడు. భిక్షువులకు చంక్రమణం, అంటే ఎరుకతో అటూ ఇటూ నడవడం నేర్పాడు. దానివల్ల ఐదు లాభాలన్నాడు: దూరం నడిచే శక్తి వస్తుంది, శ్రమకు ఓపిక వస్తుంది, రోగాలు తగ్గుతాయి, తిన్నది అరుగుతుంది, నడకలో కుదిరిన ఏకాగ్రత చాలాసేపు నిలుస్తుంది. చివరిది విద్యార్థులకు ఎంత అవసరమో చెప్పాలా?

పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే రోజుకు అరగంట చొప్పున వారంలో ఐదు రోజులు వేగంగా నడిస్తే చాలు. వారానికి రెండు రోజులు కండరాలకు పని చెప్పాలి. జిమ్ ఫీజు లేదా? దండీలు, బస్కీలకు పైసా ఖర్చు లేదు. ఐదుతో మొదలుపెట్టి వారానికి రెండేసి పెంచండి. కబడ్డీ, వాలీబాల్, స్కిప్పింగ్ ఏదైనా సరే.

అయితే ఇక్కడా మధ్యమ మార్గమే. సోణుడు అనే భిక్షువు పాదాలు పగిలి రక్తం కారేదాకా చంక్రమణం చేశాడు. అయినా ఫలితం లేదని విసిగిపోయాడు. బుద్ధుడు అతనికి వీణ తీగల సంగతి గుర్తు చేశాడు. తీగ మరీ బిగిస్తే పలకదు, మరీ వదులుగా ఉన్నా పలకదు. నెల రోజుల్లో సిక్స్ ప్యాక్ కావాలని ఒళ్ళు హూనం చేసుకునేవారికీ, పరీక్షల ముందు మూడు రాత్రులు నిద్రమానేవారికీ అదే జవాబు.

నిద్ర ఏడు గంటలకు తగ్గకూడదు. చదివింది మెదడులో నిలబడేది నిద్రలోనే. రాత్రంతా మేలుకుని చదివితే పొద్దున హాల్లో పేపర్ చూడగానే అంతా మరచిపోయినట్టు ఉంటుంది. సాయంత్రం దాటాక టీ, కాఫీ మానండి. వాటి ప్రభావం గంటల తరబడి ఒంట్లో ఉంటుంది.

4. రెండు బాణాలు

ఇప్పుడు మనసు దగ్గరకు వద్దాం. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కింది మీరే కావచ్చు. ఇంగ్లీషు పాఠం అర్థం కాదు, స్కాలర్‌షిప్ సమయానికి రాదు, ఇంటి దగ్గర అప్పు, పక్క బెంచీలో ఎవరో "మీకేం, కోటా ఉంది గదా" అంటారు. ఇవన్నీ మోస్తూ చదవడం తేలిక కాదు.

బుద్ధుడు ఒక ఉపమానం చెప్పాడు. మనిషికి ఒక బాణం తగిలితే నొప్పి పుడుతుంది. దాని మీద దుఃఖపడి, కుమిలిపోతే అది రెండో బాణం. మార్కులు తగ్గడం మొదటి బాణం. "నేను ఎందుకూ పనికిరాను, అమ్మానాన్న పరువు తీశాను" అనుకోవడం రెండో బాణం. మొదటిది మన చేతిలో ఉండకపోవచ్చు. రెండోదాన్ని ఆపడం సాధనతో వస్తుంది.

సాధన ఇలా చేయండి. పొద్దున పది నిమిషాలు వెన్ను నిటారుగా పెట్టి కూర్చోండి. ముక్కు దగ్గర గాలి లోపలికి రావడం, బయటకు పోవడం గమనించండి. శ్వాసను మార్చకండి, ఊరికే చూడండి. మనసు పరీక్ష మీదికో ఫోన్ మీదికో పోతుంది. పోయిందని తెలియగానే కోపం లేకుండా వెనక్కి తీసుకురండి. అదే ఆనాపాన సతి. చివర రెండు నిమిషాలు మైత్రీ భావన చేయండి. ఆ మైత్రి ముందు మీ మీద మీకు ఉండాలి.

ఒక జాగ్రత్త. కులం పేరుతో అవమానిస్తే "కళ్ళు మూసుకుని ధ్యానం చేసుకో" అని ధమ్మం చెప్పదు. ఆ మొదటి బాణం వేసినవాడిని అడగాలి. కాలేజీలోని ఎస్సీ, ఎస్టీ సెల్‌కు, ర్యాగింగ్ నిరోధక కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, నకలు దగ్గర పెట్టుకోండి. ఒంటరిగా పోకండి, సంఘాన్ని వెంట తీసుకెళ్ళండి. ధ్యానం మనల్ని నిలబెట్టడానికే గానీ నోరు మూయించడానికి కాదు.

ఒత్తిడి తట్టుకోలేక కొందరు మందు, సిగరెట్, గుట్కా పట్టుకుంటారు. పంచశీలలో ఐదోది, బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో ఒకటి మత్తుకు దూరంగా ఉండమనే. మత్తు బాణాన్ని తీయదు, కాసేపు కనపడకుండా చేస్తుందంతే.

2016 జనవరి 17న హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో మనం రోహిత్ వేములను కోల్పోయాం. ఆ ఖాళీ ఇంకా పూడలేదు. మరో బిడ్డను పోగొట్టుకునే ఓపిక ఈ సమాజానికి లేదు. బతకాలని లేదనిపించినా, వారాల తరబడి నిద్ర, ఆకలి పోయినా, అది మీ బలహీనత కాదు. సాయం అడగాల్సిన సమయం. నమ్మకమైన స్నేహితుడికి, అక్కకు, లెక్చరర్‌కు చెప్పండి. 14416 కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ సేవ, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. స్నేహితుడు ఉన్నట్టుండి ముభావంగా మారితే మీరే వెళ్ళి "ఏమైందిరా, తిన్నావా?" అని అడగండి. అళవిలో బుద్ధుడు చేసింది అదే.

ఈ వారం సాధన

1. పొద్దున టిఫిన్ మానకూడదు. ఏమీ దొరక్కపోతే గుప్పెడు పల్లీలు, ఒక అరటిపండు.
2. వారంలో ఐదు రోజులు అరగంట నడక, రెండు రోజులు దండీలు, బస్కీలు.
3. రోజుకు ఒక పూటైనా ఫోన్ లేకుండా భోజనం.
4. రాత్రి పదకొండు లోపు నిద్ర.
5. పొద్దున పది నిమిషాలు ఆనాపాన సతి.
6. వారంలో ఒకసారి తోటి విద్యార్థిని పలకరించి, పూర్తిగా వినడం.

అన్నీ ఒక్కసారి కుదరకపోతే రెండింటితో మొదలుపెట్టండి. తప్పిన రోజు తిట్టుకోకండి, అది రెండో బాణం. మర్నాడు మళ్ళీ చేయండి.

చర్చకు ప్రశ్నలు

1. అళవి రైతుకు బుద్ధుడు ముందు అన్నం ఎందుకు పెట్టించాడు?
2. ఈ నెలలో మీకు తగిలిన మొదటి బాణం ఏది? రెండో బాణం ఏది?
3. మీ హాస్టల్ పళ్ళెంలో ఏది తక్కువ? దాన్ని మీరు ఎలా పూడ్చుకోగలరు? మెస్ కమిటీని ఏమడగాలి?

మరుసటి ఆదివారం ఆ తమ్ముడు టిఫిన్ తిని, తన ప్రశ్నను మళ్ళీ తీసుకొచ్చాడు. ఈసారి కునకలేదు. శరీరం అనిత్యమే. అందుకే అది ఉన్నన్నాళ్ళూ దాన్ని మంచి పనికి సిద్ధంగా ఉంచుకుందాం.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!