గోడపై నిలువుటద్దము

మనకు సమీపముననున్న శ్రీవిల్లిపుత్తూరులో, గోదాదేవి పూమాల ధరించి తన రూపమును చూచుకొన్నదని చెప్పబడు బావిని నేటికిని చూపుదురు. ఆమె కథనే శ్రీకృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద' యను పేర తెలుగున కావ్యముగా రచించెను. బావినీరు తనంతట తానే మట్టముగా నిలుచును; దానిని మోయువారక్కరలేదు. ఇంటిలోని నిలువుటద్దము అట్టిది కాదు. దాని బరువును త్రాడు, మేకు, గోడ రాత్రింబవళ్లు మోయవలసినదే. ఈ మూడింటిలో ఏది బలహీనమో, దాని బలమే అద్దమునకు బలము. దాని క్రింద ఆడుకొను పసిబిడ్డల క్షేమము కూడ దానిపైననే ఆధారపడియుండును. కావున ఈ విషయమును కొంత విచారింతము.

ముందుగా బరువు తెలియవలెను. గాజు నీటికంటె రెండున్నర రెట్లు బరువైనది. 120 సెంటీమీటర్ల పొడవు, 75 సెంటీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందము గల అద్దము 11 కిలోలకు పైగా తూగును. కొయ్య చట్రముతో కలిపిన సుమారు 15 కిలోలనుకొందము.

ఇక త్రాటి సంగతి. నీళ్ల బకెట్టు పిడిలో త్రాడు దూర్చి, ఇద్దరు బాలురు చెరియొక కొనను పట్టుకొని దగ్గరగా నిలిచినచో సులభముగా ఎత్తగలరు. వారు ఎడమెడముగా జరిగిన కొలదిని చేతులు లాగివేయును. బకెట్టు బరువు పెరుగలేదు. త్రాటి వాలు మాత్రమే తగ్గినది. అద్దము విషయమునను ఇదియే నియమము. ఒకే మేకుకు తగిలించిన త్రాడు రెండు ప్రక్కలను అడ్డగీతతో 60 డిగ్రీల కోణము చేసినచో, 15 కిలోల అద్దమునకు ఒక్కొక్క ప్రక్క త్రాటిపై లాగుడు సుమారు 8.7 కిలోలు. 30 డిగ్రీలైనచో 15 కిలోలు. 10 డిగ్రీలైనచో 43 కిలోలు! మేకు కనబడకుండవలెనని త్రాటిని బిగలాగి కట్టువారు ఈ లెక్కను గమనింపవలెను. కావున పెద్ద అద్దమునకు ఒక మేకు, ఒక త్రాడు చాలవు. రెండు మరమేకులు ఎడముగా బిగించి, చట్రపు రెండు కొక్కెములను వానికి నేరుగా తగిలింపవలెను. అప్పుడు ఒక్కొక్కదానిపై ఏడున్నర కిలోల బరువే పడును. అయినను ప్రతి మరమేకును మొత్తము బరువును ఒంటిగా మోయగలదిగానే ఎన్నుకొనవలెను. ఒకటి సడలినను రెండవది ఆపును.

గోడ ఎట్టిదో తెలియక మేకు కొట్టరాదు. పైనున్న పూత ఎంత గట్టిగా కనబడినను అది బరువు మోయదు; లోపలి ఇటుకయే మోయును. మట్టిగోడయైనచో అద్దమును వ్రేలాడదీయక, నేలపై నిలిపి, వెనుకకు చేరవేసి, పైభాగము జారకుండ కట్టుట మేలు. మన బజారులో మేకును 'ఆణి' యనియు, ఇటుకను 'చెంగల్' అనియు, తాపీ మేస్త్రిని 'కొత్తనార్' అనియు అందుము. ఇంటి మాటలను, వీధి మాటలను రెండింటిని ఎరిగినవాడు మేస్త్రికి తన అవసరమును తేటగా చెప్పగలడు.

పూర్వము గోడలో కొయ్య బిరడా దిగగొట్టి దానిలో మేకు బిగించుచుండిరి. కొయ్య ఎండి కుదించుకొనగా మేకు సడలెడిది. 1958లో జర్మనీ దేశస్థుడైన ఆర్టుర్ ఫిషర్ నైలాను బిరడాను కనిపెట్టెను. మరమేకు లోనికి పోయిన కొలదిని ఈ బిరడా విచ్చుకొని ఇటుకను బిగియ పట్టుకొనును. పూత 15 మిల్లీమీటర్లు, బిరడా 40 మిల్లీమీటర్లు అయినచో, బెజ్జమును 60 మిల్లీమీటర్ల లోతున తొలిచి, దుమ్ము ఊదివేసి, బిరడా యంతయు ఇటుకలోనే యుండునట్లు దింపవలెను. విద్యుత్తు మీటలకు నేరుగా పైనను, క్రిందను, ప్రక్కను తొలువరాదు. తీగలు ఆ దారినే పోవుచుండును. రెండు బెజ్జములు సమముగా నున్నవో లేదో రసమట్టముతో చూచుకొనవలెను.

ఎంత ఎత్తున నిలుపవలెను? మనిషి తన నిండురూపమును చూచుకొనుటకు తన ఎత్తులో సగము పొడవు గల అద్దము చాలును. 160 సెంటీమీటర్ల ఎత్తు గలవానికి 80 సెంటీమీటర్లు చాలును. అద్దపు పైయంచు అతని కన్నులకును నడినెత్తికిని మధ్య నుండవలెను. ఈ సూత్రమెరిగినచో అనవసరముగా పెద్ద అద్దము కొని, బరువు పెంచుకొన నక్కరలేదు.

అద్దమును ఇద్దరు కలిసి ఎత్తవలెను. మంచమునకు, ఉయ్యెలకు పైన దానిని తగిలింపరాదు. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు మనకు ఈశాన్య ఋతుపవనపు వానలు కురియును. గోడ చెమ్మగిలిన మేకు త్రుప్పుపట్టును. సంక్రాంతికి ముందు వెల్లవేయునప్పుడు అద్దమును దించి, మరమేకులను, కొక్కెములను చేతితో కదిపి చూడవలెను. కదలినదానిని ఆనాడే మార్చిన పిమ్మటనే అద్దమును మరల గోడకెక్కింపవలెను.