ఒడ్డు మీది గునుగు: ఎప్పుడు ఉంచాలె, ఎప్పుడు కోయాలె

పై వీడియోలో మీరు చూసింది మోత్కూర్ దగ్గర మా ఎర్ర చెలక. జొన్న, కంది సాళ్ల పక్కన ఒడ్డు మీద తెల్లగా, కొసన గులాబీ రంగుతో నిలబడ్డది గునుగు. "గింత కలుపు ఎందుకు పెట్టుకున్నవన్నా?" అని చాలామంది అడిగిండ్రు. అందుకే ఈ పాఠం.

మా చిన్నతనంల పనికీ ఆటకీ నడుమ పెద్ద తేడా లేకుండె. జొన్న మొలిచిన 20, 25 రోజులకు నాయిన గుంటుక తోలేటోడు. సాళ్ల నడుమ కలుపు దానితోనే పోయేది. సాలులో మిగిలింది ఆడోళ్లు పాటలు పాడుకుంట చేతితో తీసేటోళ్లు. లేత గునుగాకు కొంగుల ఏసుకొని వస్తే ఆ పూటకు కూర అయ్యేది (గునుగు తోటకూర కుటుంబానిదే). ఒడ్ల మీది గునుగును మాత్రం ఎవ్వరూ ముట్టకపోయేది. పెత్రమాస వచ్చిందంటే పిల్లలం పోటీలు పడి కోసేటోళ్లం. కొసలకు రంగులద్ది బతుకమ్మ పేర్చుడు, తొమ్మిది రోజులు ఆడుడు, సద్దులనాడు చెరువుల ఏసుడు. మొగపిల్లల చిరుతల భజన సంగతి ఇంకోసారి చెప్త.

ఇక్కడ ఒక లెక్క ఉన్నది. గునుగు కంకి కింది నుంచి పైకి పూస్తది. పైన పూస్తుండంగనే కింద నల్ల గింజ తయారైతది. ఒక్క మొక్కకు వేల గింజలు. అంటే మేము ఆటకని కోసిన పువ్వుతోటి మరుసటేటి కలుపు గింజ కూడా చాలావరకు చెరువుల పడేది. ఇది నాకు చాన ఏండ్ల తర్వాత అర్థమైంది.

పత్తి పెట్టిన ఏడు నేను ఒడ్లకు సుత గడ్డిమందు కొట్టిన. కూలి మిగిలిందని సంబరపడ్డ. పెత్రమాసనాడు అమ్మ చెలకంత తిరిగి ఉత్త చేతులతో వచ్చింది. "పైసలు వెట్టి గునుగు కొనుడు నా బతుకుల సూడలే బిడ్డా" అన్నది. ఇంకేం అనలే. నాకు ఆ పూట బువ్వ సయించలే.

మందు మానినంక రెండో ఏడు మళ్లీ మొలిచింది. ఇప్పుడు నా పద్ధతి ఇది. మొదటి 40 రోజులు పంట సాళ్లల్ల గునుగును ఉండనియ్య, చెలకల తేమ కోసం జొన్నతో కొట్లాడ్తది. ఒడ్డు మీద ఉంచుత, పూత తెల్లబడంగనే కోస్త. గింజ పట్టిన కంకులను ఎరువు కుప్పల ఎయ్యకుండ్రి. కుప్ప సరిగ్గ వేడెక్కకపోతే గింజ చావదు, ఎరువుతోపాటే చేన్లకొస్తది. నేను లోతుగ గుంత తీసి పూడ్చిపెడ్త. నాలుగైదు కంకులు మాత్రం ఒడ్డు మీదనే ఇడిచిపెడ్త, వచ్చే పెత్రమాసకు.