జాబితాలు కూడమంటే హాస్కెల్ మొరాయిస్తోంది!

ప్రశ్న: హాస్కెల్ కొత్తగా నేర్చుకుంటున్నాను. [1, 2, 3] + [10, 20, 30] అని కొడితే [11, 22, 33] వస్తుందనుకున్నా. ఎర్రర్ వచ్చింది. ++ పెడితే రెండూ అతుక్కుపోయాయి. ఏం చేయాలండీ?

జవాబు: హాస్కెల్‌లో + సంఖ్యలకే. లిస్టును సంఖ్యగా ఎలా చూడాలో దానికెవరూ చెప్పలేదు కాబట్టి ఒప్పుకోదు. నన్నడిగితే అదే నయం. పైథాన్‌లో ఇదే + లిస్టులను మాట్లాడకుండా అతికించేస్తుంది, తప్పు ఎక్కడో తర్వాత బయటపడుతుంది.

మీకు కావలసింది జిప్‌విత్ (zipWith) అనే ఫంక్షన్. దానికి (+)నూ, రెండు లిస్టులనూ ఇవ్వండి. 1కి 10, 2కి 20, 3కి 30 జతచేసి కూడుతుంది. (+) బదులు (*) ఇస్తే గుణిస్తుంది.

ఒక్కటి మాత్రం చూసుకోండి. ఒక లిస్టు పొట్టిదైతే జిప్‌విత్ అక్కడే ఆగిపోతుంది, ఎర్రర్ కూడా ఇవ్వదు. [1, 2, 3]కి [10, 20] ఇస్తే [11, 22] వస్తుంది, 3 మాయం! మార్కులో, డబ్బులో లెక్కేస్తుంటే పొడవులు ముందే సరిచూడండి. అయితే ఈ గుణం వల్లే [1..] లాంటి అంతులేని లిస్టును కూడా మామూలు లిస్టుకు జతచేయగలం; వరుస నంబర్లు వేయడానికి భలే పనికొస్తుంది.

ఇక ++ సంగతి. అది ఎడమవైపు లిస్టును మొత్తం కాపీ చేస్తుంది. రికర్షన్‌లో చివర ఒక్కొక్కటే అతికిస్తూ పోతే ప్రోగ్రాం నత్తనడకే. ముందువైపు : తో చేర్చుకుంటూ వెళ్లి, ఆఖర్న ఒక్కసారి రివర్స్ చేయండి.