మేదర కేతయ్య కాయకము

12వ శతాబ్దమున కల్యాణమునందు బసవేశ్వరునితో కూడిన శరణులలో మేదర కేతయ్య ఒకడు. అడవికేగి వెదురు నరికి తెచ్చి, బుట్టలు, చేటలు అల్లి అమ్మి, వచ్చిన దానితో జంగమ దాసోహము నడపుట ఆయన కాయకము. గవరేశ్వర అంకితముతో ఆయన వచనములు కన్నడమున నిలిచియున్నవి.

ఒకనాడు ఆయన నరికిన వెదురునుండి సంపద రాలెనని శరణుల కథలు చెప్పుచున్నవి. కేతయ్య దానిని ముట్టలేదు. అందులో తన శ్రమ లేదు. శ్రమలేని ధనము దాసోహమునకు పనికిరాదు. విన్నవారు దీనిని వైరాగ్యముగా మెచ్చుకొందురు. అయితే ఇది వైరాగ్యముకన్న లెక్కకు సంబంధించిన కథ. తన చేయి పడని సొమ్ము తనది కాదనుటయే అందలి లెక్క.

పలమనేరు ప్రక్కనున్న గంగవరము, పుంగనూరు, కుప్పము సీమలలో మేదరుల పని తెలియని రైతు కుటుంబము లేదు. వెదురును పచ్చిగా నుండగానే చీల్చవలెను. ఎండినచో వంగక విరుగును. కణుపులు చెక్కి, పైబద్దను లోపలి బద్దనుండి వేరుచేయుదురు. పైబద్ద నున్ననిది, గట్టిది. లోపలిది మెత్తనిది, త్వరగా పురుగు పట్టును. రెండును కలిపి అల్లినచో క్రొత్తలో కొన్నవానికి తెలియదు, అల్లినవానికి తెలియును. కాయకమునకు పరీక్ష అచ్చటనే. గట్లమీది ఈత బరిగెలతో ఎరుకలవారు అల్లు గంపలకును ఇదే న్యాయము.

ఈ సీమలో మల్బరీ సాగు వలన మేదరులకు మరియొక పని కలిగినది. ముగ్గిన పట్టుపురుగులు గూడు కట్టుకొనుటకు వెదురు తడికపై బద్దను చుట్టలు చుట్టలుగా నిలిపి చంద్రికలు అల్లుదురు. ఒక్కొక్కటి సుమారు 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. ఇప్పుడు ప్లాస్టిక్ చంద్రికలు వచ్చినవి. మదనపల్లె టమోటా మార్కెట్టులో గంపల చోట ప్లాస్టిక్ క్రేట్లు నిలిచినవి. అవి కడుగుటకు సులభము, రైతును నిందింపరాదు. 1927 నాటి అటవీ చట్టము వెదురును చెట్టుగా లెక్కించెను; 2017లో వచ్చిన సవరణ అడవి వెలుపల పెరిగిన వెదురును ఆ లెక్కనుండి తీసివేసెను. అడవిలోని వెదురునకు ఆ సడలింపు లేదు. సొంత భూమి లేని మేదరికి దీనివలన కలిగిన మేలు స్వల్పము.

ఇక మిగిలినది సంత. పూటంతయు అల్లిన గంపకు సగము ధర అడిగి, బేరము గెలిచితిమని సంతసించు భక్తులు కలరు. మిగిలిన ఆ సగమున కొన్నవాని శ్రమ ఎంత? కేతయ్య ముట్టని సొమ్ము అట్టిదే. ఇష్టలింగమును ధరించినవాడు సంతలో ఆ లెక్కను మరువరాదు. మఠములవారు దాసోహమున అన్నము కుమ్మరించుటకు పెద్ద గంపలు కొనునపుడు, పైబద్దతోనే అల్లుమని ముందే చెప్పి, అందుకు తగిన ధర నిచ్చుట మేలు. పైబద్ద గంపకు వెదురు ఎక్కువ పట్టును, దినము ఎక్కువ పట్టును. ధాన్యపు గంపనైనచో పేడతో అలికి, నీడన ఆరనిచ్చి, వంటింటి పొగ తగులు అటకమీద ఉంచినచో పురుగు చేరదు.