పుస్తకానికి తెలియని మీ పిల్ల

పాఠం అయిపోతుంది. చివర ఇచ్చిన ఎనిమిది లెక్కలూ పిల్ల చేసేస్తుంది. ఆరు ఒప్పు, రెండు తప్పు. ఇంట్లోనే చదువు చెప్పుకునే అమ్మానాన్నలకు గుబులు మొదలయ్యేది ఇక్కడే. ఎనిమిది లెక్కలు సరిపోతాయా? బడికెళ్లే పిల్లలు నోటుపుస్తకాలు నింపేస్తున్నారు, సాయంత్రం ట్యూషన్లో ఇంకో నలభై చేస్తున్నారు, మనవాళ్లు వెనకబడిపోరు కదా? ఈసారి బిలాస్‌పూర్ వెళ్లినప్పుడు ఒక వర్క్‌బుక్ తెస్తారు. అది సగం కాకముందే ఇంకొకటి వస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లోని రతన్‌పూర్ లాంటి చిన్న ఊళ్లో ఇంటి దగ్గరే చదువుకునే పిల్లలున్న ఇల్లు మరొకటి కనపడడం కష్టం. ఈ గుబులు చెప్పుకోవడానికి కూడా పక్కన మనిషి ఉండరు. అలాంటి అమ్మానాన్నల కోసమే ఇది రాస్తున్నాను.

నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. పుస్తకం పలచగా ఉందని ప్రాక్టీసు పెంచకండి. ఆ పుస్తకం రాసినవాళ్లు మనసులో పెట్టుకున్న పిల్ల వేరు, మీ ఎదురుగా కూర్చున్న పిల్ల వేరు. ఆ ఇద్దరికీ తేడా ఉన్న చోట మాత్రం తప్పకుండా పెంచండి. ఆ తేడాను పట్టుకోగలిగేది రోజూ పక్కన కూర్చునే మీరే.

1954లో జపాన్‌లో తోరు కుమోన్ అనే హైస్కూలు లెక్కల మాస్టారు చేసిన పని ఇదే. రెండో తరగతి చదువుతున్న కొడుకు తకేషి లెక్కల్లో వెనకబడుతున్నాడని తెలిసి, వాడి కోసం విడి కాగితాల మీద తనే లెక్కలు రాయడం మొదలుపెట్టారు. వాడికి ఏది వచ్చో, ఏది రాదో చూసుకుంటూ రోజుకు కాసిని రాశారు. తర్వాత ఆ కాగితాలే ప్రపంచమంతా తిరిగే పెద్ద పద్ధతి అయ్యాయి. ఆ పద్ధతి మంచిచెడ్డల మీద రకరకాల అభిప్రాయాలున్నాయి. నాకు మాత్రం దాని మొదటి రోజులే ముఖ్యం. ఒక తండ్రి ఒక కొడుకును చూస్తూ, వాడికి అవసరమైనవే రాశాడు. ఆ పని మీ వంటింటి బల్ల దగ్గరా జరుగుతుంది. దానికి కావలసినవి ఒక తెల్ల కాగితం, కాస్త ఓపిక.

కాగితం తీసే ముందు తప్పు ఎలాంటిదో చూడాలి. 403లోంచి 178 తీసేయమన్నారు. పిల్ల 375 అని రాసింది. సరైన జవాబు 225. అజాగ్రత్త అనుకుని అలాంటివి మరో ఇరవై ఇచ్చారనుకోండి, ఇరవైకి ఇరవై తప్పు చేస్తుంది. ఎందుకంటే ఆమె చేసింది అజాగ్రత్త కాదు. ఒకట్ల స్థానంలో 3లోంచి 8 పోదు కాబట్టి 8లోంచి 3 తీసింది, పదుల స్థానంలో 7లోంచి సున్నా తీసింది. ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయాలని తనకు తానుగా ఒక నియమం పెట్టుకుంది, దాన్ని శ్రద్ధగా పాటించింది. తీసివేతల్లో పిల్లలు చేసే తప్పుల్లో చాలా ఇలా నియమబద్ధంగా ఉంటాయని జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ 1978లోనే వివరంగా చూపించారు. ఈ పిల్లకు ప్రాక్టీసు ఇస్తే తప్పే గట్టిపడుతుంది. ఆమెకు కావలసింది మళ్లీ పాఠం. నాలుగు వందల నోట్లు, మూడు రూపాయి బిళ్లలు ముందు పెట్టి, 178 ఇవ్వాలంటే ఏ నోటు విడిపించాలో చేతులతో చేసి చూపించాలి.

ఇంకో పిల్ల ఉంటుంది. అప్పు తెచ్చుకోవడం బాగా తెలుసు. కానీ 13లోంచి 8 ఎంత అని వేళ్లు లెక్కపెడుతుంది, ఈలోగా లెక్క మధ్యలో ఎక్కడున్నదో మర్చిపోతుంది. ఈమెకు అర్థం కాకపోవడమేమీ లేదు, చేతికి అలవాటు కాలేదంతే. ప్రాక్టీసు కావలసింది ఈమెకు. అది కూడా పెద్ద తీసివేతలు కాదు, ఇరవై లోపు నోటిలెక్కలు, రోజుకు ఐదు నిమిషాలు. కాగితం మీద ఇద్దరి తప్పులూ ఒకేలా కనపడతాయి. ఏ పిల్ల మీ ఇంట్లో ఉందో తెలియాలంటే ఒకే ఒక లెక్క పైకి చెబుతూ చేయమనండి. మధ్యలో దిద్దకండి, పూర్తిగా వినండి.

రతన్‌పూర్‌లో పెరిగే తెలుగు పిల్లలకు పుస్తకంతో ఉన్న దూరం ఇంకో రకంగానూ ఉంటుంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కింద వాల్తేరు, ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్, నాగ్‌పూర్ అన్నీ ఉండేవి. ఆ పట్టాల వెంటే మనవాళ్లు పనుల కోసం ఇటు వచ్చి స్థిరపడ్డారు. 2003లో బిలాస్‌పూర్ సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే జోన్‌కు కేంద్రమైంది. బదిలీల మీద వచ్చేవాళ్లు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు. అక్కడికి పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న రతన్‌పూర్‌లో ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ, పుస్తకంలో ఇంగ్లీషు. ఈ నాలుగు భాషల నడుమ ఉన్న పిల్లను దృష్టిలో పెట్టుకుని పుస్తకం రాసినవాళ్లు ఉంటారని నేననుకోను.

అంకెల సంగతే చూడండి. తెలుగులో ముప్పై తొమ్మిది, నలభై తొమ్మిది, యాభై తొమ్మిది. పదుల పేరు చెప్పి ఒకట్ల పేరు కలిపితే చాలు. హిందీలో ఇవే ఉన్‌తాలీస్, ఉన్‌చాస్, ఉన్‌సఠ్. రాబోయే పదికి ఒకటి తక్కువ అన్నట్టు ఉంటుంది పేరు. ఆ లెక్కన 89 కూడా అలాగే ఉంటుందనుకుంటే, 79 ఉన్యాసీ, 89 నవాసీ. ఇంట్లో కూడికలన్నీ తప్పు లేకుండా చేసే పిల్ల దుకాణంలో ‘ఉన్యాసీ’ అని వినగానే నిలబడిపోతుంది. ఆమెకు లెక్కలు రావని మీరు భయపడతారు. లెక్కలు వచ్చు, ఆ పేర్లే రావు. మీరు వాడే ఇంగ్లీషు పుస్తకంలోగానీ తెలుగు పుస్తకంలోగానీ దీనికి పాఠం ఉండదు. కాబట్టి ఇది అదనంగా నేర్పాల్సిందే. రోజుకు రెండు పేర్ల చొప్పున, మహామాయ గుడి దగ్గర కొబ్బరికాయలు కొనేటప్పుడో, కూరగాయలు కొనేటప్పుడో ధర అడగనివ్వండి, డబ్బు లెక్కపెట్టి ఇవ్వనివ్వండి, చిల్లర సరిచూసుకోనివ్వండి.

ఎక్కాలు మాత్రం ఒకే భాషలో పట్టు వచ్చేదాకా రెండో భాష జోలికి వెళ్లకండి. పక్కింటి పిల్లలు హిందీలో పహాడాలు, అంటే ఎక్కాలు, పాడుతుంటే మనవాళ్లకీ అవే నేర్పాలనిపిస్తుంది. రష్యన్, ఇంగ్లీషు రెండూ వచ్చిన కాలేజీ విద్యార్థులతో ఎలిజబెత్ స్పెల్కీ, సన్నా సివ్‌కిన్ చేసిన అధ్యయనం 2001లో వెలువడింది. కొత్త లెక్కలు ఒక భాషలో నేర్పి రెండో భాషలో అడిగితే, కచ్చితమైన జవాబు చెప్పడానికి వాళ్లకు ఎక్కువ సమయం పట్టింది. సుమారుగా ఎంతో అంచనా వేయమంటే మాత్రం ఆ తేడా రాలేదు. పెద్దవాళ్లకే అలా ఉంటే, ఏడు ఎనిమిదులు ఇంకా తడుముకుంటున్న చిన్నపిల్లకు ఒకేసారి రెండు భాషలెందుకు? ఇంట్లో చెప్పేది అమ్మ కాబట్టి అమ్మ మాటలోనే ముందు గట్టిపడనివ్వండి.

ఇక తెలుగు రాత. హిందీ ముందు నేర్చుకున్న పిల్లలు తెలుగు రాస్తే ఎ, ఏ కలిసిపోతాయి, ఒ, ఓ కలిసిపోతాయి. హిందీ అక్షరమాలలో ఈ హ్రస్వ, దీర్ఘ భేదం లేదు. వాళ్ల కంటికి అలవాటు లేని తేడా అది. కానీ నోటికి బాగా తెలుసు. నెల అన్నదీ నేల అన్నదీ ఒకటిగా పలకరు, మెడ, మేడ కూడా అంతే. కొన, కోన తెలియకపోతే మీరు చెబితే తెలుస్తాయి. ఇలాంటి జంటలు రోజుకు నాలుగు మీరు చదువుతూ ఉక్తలేఖనం రాయించండి. ఆంధ్రాలోనో తెలంగాణలోనో అచ్చయిన వాచకంలో ఇలాంటి అభ్యాసం పెద్దగా దొరకదు. అక్కడి పిల్ల వీధిలో ప్రతి బోర్డు మీదా ఈ తేడా చూస్తూ పెరుగుతుంది. రతన్‌పూర్ వీధిలో తెలుగు బోర్డు లేదు.

మీ దగ్గర రోజుకు పదిహేను నిమిషాలే మిగిలితే, రెండో లెక్కల వర్క్‌బుక్ పక్కన పెట్టి ఆ సమయం తెలుగు చదవడానికి ఇవ్వమంటాను. లెక్కలు ఏ ఊళ్లోనైనా నేర్పేవాళ్లు దొరుకుతారు. బిలాస్‌పూర్ దాటి ఇటు వచ్చాక తెలుగు చదివించేవాళ్లు మీ ఇంట్లోనే ఉండాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020-21 నుంచి ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగుగా అచ్చువేస్తున్న పాఠ్యపుస్తకాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పిల్ల ఇంగ్లీషులో చదివిన పరిసరాల పాఠాన్నే మరుసటి రోజు ఎదురు పేజీలో చదవమనండి. విషయం ముందే తెలుసు కాబట్టి అక్షరాల మీద దృష్టి పెట్టగలుగుతుంది. కొత్త పాఠమూ అక్కర్లేదు, కొత్త పుస్తకమూ అక్కర్లేదు.

ప్రాక్టీసు ఇవ్వాలని తేల్చుకున్నాక, ఎలా ఇవ్వాలన్నది ఎన్ని ఇవ్వాలన్నదానికంటే ముఖ్యం. డగ్ రోరర్, కెల్లీ టేలర్ 2007లో ప్రచురించిన ఒక ప్రయోగం నేను తరచూ గుర్తుచేస్తుంటాను. కాలేజీ విద్యార్థులకు నాలుగు రకాల ఘనాకారాల ఘనపరిమాణం కనుక్కోవడం నేర్పారు. కొందరికి ఒక రకం పూర్తయ్యాక ఇంకో రకం వరసగా ఇచ్చారు, మిగతావారికి అన్నీ కలిపి ఇచ్చారు. ప్రాక్టీసు చేస్తున్నప్పుడు వరసగా చేసినవాళ్లు 89 శాతం సరిగ్గా చేశారు, కలిపి చేసినవాళ్లు 60 శాతమే. వారం తర్వాత పరీక్ష పెడితే వరసగా చేసినవాళ్లకు 20 శాతం, కలిపి చేసినవాళ్లకు 63 శాతం వచ్చింది. కారణం కష్టమైనది కాదు. ఒకే రకం వరసగా చేసేటప్పుడు ఏ పద్ధతి వాడాలో ఆలోచించే పని ఉండదు. పరీక్షలోనైనా బజారులోనైనా ముందు చేయాల్సింది ఆ ఆలోచనే.

అందుకే ఇవాళ్టి పాఠంలోంచి రెండు, పోయిన వారానివి రెండు, పోయిన నెలది ఒకటి, ఇలా కలగలిపి ఐదు లెక్కలు చాలు. అవి మీ పాఠ్యపుస్తకంలోంచే తీసుకోవచ్చు. పిల్ల తడబడుతుంది, మీకు నిరుత్సాహం కలుగుతుంది. నిన్న పదికి పది చేసిన పిల్లకు ఇవాళ ఐదింట్లో మూడే వస్తే నేర్పిందంతా పోయిందనిపిస్తుంది. ఆ తడబాటును భరించండి. మంచి ప్రాక్టీసు అలాగే ఉంటుంది, అంతే. కానీ కళ్లలో నీళ్లు తిరిగితే ఆ పూటకు ఆపేయండి. బడిలో టీచర్ కోప్పడితే ఇంటికొచ్చి అమ్మ దగ్గర ఏడ్చుకోవచ్చు. ఇంట్లో చదివే పిల్లకు టీచరూ అమ్మే. ఆ వెసులుబాటు ఆమెకు లేదన్నది మీరు మర్చిపోకూడదు.

రైల్వేలో పనిచేసే నాన్న లోకో పైలట్ అయినా, ట్రైన్ మేనేజర్ అయినా, ఇంట్లో ఉండే వేళలకు టైంటేబుల్ ఉండదు. దాన్ని లోటుగా చూడనక్కర్లేదు. డ్యూటీ దిగి వచ్చినప్పుడు ఆయన అడిగే రెండు మూడు పాత ప్రశ్నలు మీరు వేసే పది లెక్కలకంటే ఎక్కువ పనిచేయొచ్చు. ఎప్పుడు అడుగుతారో పిల్లకు తెలియదు, ఏది అడుగుతారో తెలియదు, పుస్తకం ముందు ఉండదు.

పదో తరగతి దగ్గరపడేకొద్దీ భయం పెరుగుతుంది, ఇది సహజం. ఇంట్లో చదివే పిల్లలు ఎక్కువగా ఎంచుకునే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ (ఎన్ఐఓఎస్) సెకండరీ కోర్సులో చేరడానికి 14 ఏళ్లు నిండాలి. పాసవడానికి ఐదు సబ్జెక్టులు కావాలి, అందులో ఒకటి తెలుగు తీసుకోవచ్చు. పరీక్షలు ఏటా రెండుసార్లు ఉంటాయి, ఒకసారి చేరితే ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు. అన్నీ ఒకేసారి రాయాలన్న నియమమూ లేదు. అంత వెసులుబాటున్న చోట పదేళ్ల పిల్లకు పదో తరగతి పరీక్ష భయం పెట్టడం అన్యాయం. ఆ కోర్సు పుస్తకాల్లో పాఠం మధ్యమధ్యలో ప్రశ్నలు, పాఠం చివర వాటి జవాబులు ఉంటాయి. గైడు కొనే ముందు, పాఠం చదివిన నాలుగు రోజులకు ఆ జవాబులు మూసిపెట్టి ప్రశ్నలు రాయించండి. చాలామంది ఆ ప్రశ్నలను చదివేసి పేజీ తిప్పేస్తారు, తర్వాత పుస్తకం సరిపోలేదంటారు.

అదనపు ప్రాక్టీసు ఎప్పుడు ఆపాలో తెలుసుకోవడానికి రతన్‌పూర్‌లోనే ఒక మంచి అవకాశం ఉంది. చైత్రంలో, ఆశ్వయుజంలో వచ్చే నవరాత్రులకు ఊరంతా జనం. మహామాయ గుడిలో జ్యోతి కలశాలు వెలుగుతాయి, దారులు నిండిపోతాయి, ఇంటికి చుట్టాలు వస్తారు. ఆ తొమ్మిది రోజులూ చదువు సాగడం లేదని బాధపడకండి, పూర్తిగా మానేయండి. పండగ అయ్యాక పాత పాఠాల్లోంచి ఐదు ప్రశ్నలు, ఏమీ గుర్తుచేయకుండా ఇవ్వండి. నాలుగు వస్తే ఆ విషయంలో అదనపు ప్రాక్టీసు ఆపేయవచ్చు, అప్పటిదాకా ఎన్ని పేజీలు మిగిలి ఉన్నా సరే. రెండే వస్తే ఏ రెండు వచ్చాయో, మిగతా మూడింట్లో పిల్ల ఎక్కడ ఆగిపోయిందో రాసిపెట్టుకోండి. తర్వాతి పదిహేను రోజులు ఇవ్వాల్సింది ఆ మూడింటికి సంబంధించినవే.

అలా రాసిపెట్టిన కాగితాలు ఏడాదికి ఒక చిన్న కట్ట అవుతాయి. చిన్నవాడికి పనికొస్తాయని వాటిని దాచనక్కర్లేదు. వాడి తప్పులు వేరుగా ఉంటాయి.